ఇంట్లోని నాస్‌ను బయటి నుంచి భద్రంగా తెరవడం ఎలా

నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి, ఫైళ్లన్నీ ఒకచోట దాచుకునే డిస్కుల పెట్టె) పెట్టుకున్న కొద్ది రోజులకే దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఇంటి వైఫైలో ఉన్నంతసేపు అన్నీ తెరుచుకుంటున్నాయి, గడప దాటగానే ఏదీ రావడం లేదు. ఏం చేయాలి?’ దీనికి రెండు నిమిషాల జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. రౌటర్‌లో పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికి రావడానికి అంకెతో గుర్తించే ద్వారం, తెరవమంటారు. తెరిస్తే పని జరుగుతుంది కూడా. కానీ అలా తెరిచి, ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లు తర్వాత అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండదు. అందుకే ఇక్కడ కాస్త పొడవైన దారి చెబుతున్నాను. ఒక సాయంత్రం కేటాయించండి.

పద్ధతి ఇదీ: నాస్‌ను ఇంటర్నెట్‌కు అసలు చూపించం. ఇంట్లోకి రావడానికి వీపీఎన్ అనే, మీ పరికరాలు మాత్రమే వాడగల ఒకే ఒక్క రహస్య దారి పెడతాం. మీ ఫోన్, ల్యాప్‌టాప్ ఆ దారిలో లోపలికి వచ్చి, ఇంట్లో ఉన్నట్టే నాస్‌ను తెరుస్తాయి. కింది వరుసలోనే చేయండి. వరుస మారితే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

## 1. ముందు ఇంటి అప్‌లోడ్ వేగం చూడండి

బయట కూర్చుని మీరు తెచ్చుకునే ప్రతి ఫైలూ ఇంటి వైపు నుంచి అప్‌లోడ్ అవ్వాలి. కాబట్టి మీకు దొరికే వేగం ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగాన్ని దాటదు. స్పీడ్ టెస్ట్ చేసి అప్‌లోడ్ అని ఉన్న అంకె రాసుకోండి.

దాన్ని 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబైట్లో తెలుస్తుంది. 20 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అయితే సెకనుకు 2.5 మెగాబైట్లు. 4 జీబీ వీడియో రావడానికి సుమారు 27 నిమిషాలు. ఫొటోలు చూడటానికి, డాక్యుమెంట్లు తెచ్చుకోవడానికి, ఫోన్ బ్యాకప్‌కు ఇది చాలు. నాస్‌లోని పెద్ద వీడియోను బయటి నుంచి నేరుగా ఎడిట్ చేయాలనుకుంటే మాత్రం కష్టం. ఈ లెక్క ముందే తెలిస్తే, తర్వాత ‘సెట్టింగ్ ఎక్కడో తప్పింది’ అని రాత్రంతా వెతకనక్కర్లేదు.

## 2. ఇంటి నెట్‌వర్క్‌ను, నాస్‌ను సిద్ధం చేయడం

ఎక్కువ మంది దాటేసే దశ ఇదే. తర్వాత వచ్చే సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి.

ఇంటి నెట్‌వర్క్ అడ్రస్ (ఐపీ) అంకెలు మార్చండి. చాలా రౌటర్లు 192.168.0.1 లేదా 192.168.1.1తో వస్తాయి. మీరు వెళ్లిన హోటల్‌లోనూ, స్నేహితుల ఇంట్లోనూ అవే అంకెలు ఉండొచ్చు. అప్పుడు వీపీఎన్ కనెక్ట్ అయినా, ల్యాప్‌టాప్ 192.168.1.10 కోసం పక్కనే ఉన్న హోటల్ నెట్‌వర్క్‌లో వెతికి, దొరకలేదంటుంది. రౌటర్ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో దీన్ని 192.168.73.1 లాంటి అరుదైన అంకెకు మార్చండి. 73 ఉదాహరణకే, మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. ఇక్కడి నుంచి ఇదే ఉదాహరణ వాడతాను.

జాగ్రత్త: నాస్‌లో ఐపీని చేత్తో టైప్ చేసి ఉంటే, రౌటర్ అంకెలు మార్చే ముందే దాన్ని ఆటోమేటిక్‌కు మార్చండి. లేకపోతే నాస్ పాత అంకెల్లోనే ఉండిపోయి కనబడకుండా పోతుంది. ప్రింటర్, కెమెరాల సంగతీ అంతే.

నాస్‌కు స్థిరమైన ఐపీ ఇవ్వండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ లేదా అడ్రస్ రిజర్వేషన్ అనే పేరుతో ఉంటుంది. నాస్ మ్యాక్ అడ్రస్‌ను (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తును) 192.168.73.10కి కట్టేయండి. నాస్ నెట్‌వర్క్ పేజీలో గేట్‌వే (బయటికి వెళ్లే దారి, అంటే రౌటర్) 192.168.73.1 అని ఉందో లేదో కూడా చూడండి. గేట్‌వే తప్పుగా ఉంటే బయటి నుంచి వచ్చిన అభ్యర్థన నాస్‌ను చేరుతుంది, జవాబు మాత్రం తిరిగి రాదు.

ఖాతాలు సరిచేయండి. అడ్మిన్ హక్కులతో మీదైన పేరుతో కొత్త ఖాతా తెరిచి, నాస్‌తో వచ్చిన ‘అడ్మిన్’ ఖాతాను ఆపేయండి. రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కులు లేని మరో ఖాతా చేసుకోండి. బయటి నుంచి లాగిన్ అయ్యేది దీనితోనే. రెండు ఖాతాలకూ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ కూడా అడగడం) పెట్టండి. ఆ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి గడియారాన్ని బట్టి మారుతుంది కాబట్టి, నాస్ టైమ్ ఇంటర్నెట్ ద్వారా సరిచూసుకునేలా ఉండాలి.

బ్యాకప్ తీసుకోండి. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే అమరిక) ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. డిస్క్ పాడైతే రెయిడ్ ఆదుకుంటుంది. ఎవరైనా ఫైళ్లను చెరిపేసినా, తాళం వేసినా ఆ మార్పు అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి జరుగుతుంది. ముఖ్యమైన ఫోల్డర్ల కాపీ ఒకటి విడి డిస్క్‌లోకి తీసి, కేబుల్ పీకి పక్కన పెట్టండి. నాస్‌లో స్నాప్‌షాట్ (ఫైళ్ల పాత స్థితిని దాచిపెట్టే) సౌకర్యం ఉంటే అదీ ఆన్ చేయండి.

ముందుకెళ్లే ముందు ఇవన్నీ సరిచూసుకోండి:

☐ ఇంటి అంకెలు మారాయి, నాస్ కొత్త అడ్రస్‌లో తెరుచుకుంటోంది
☐ నాస్, రౌటర్ రెండూ అప్‌డేట్ అయ్యాయి
☐ పాత ‘అడ్మిన్’ ఖాతా ఆగిపోయింది
☐ టూ స్టెప్ వెరిఫికేషన్ పనిచేస్తోంది, రికవరీ కోడ్‌లు (ఫోన్ లేనప్పుడు లాగిన్ అవడానికి వాడేవి) కాగితం మీద రాసిపెట్టాను
☐ తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొడితే ఆ ఐపీని ఆపేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంది
☐ రౌటర్‌లోనూ నాస్‌లోనూ యూపీఎన్‌పీ ఆపేశాను
☐ గతంలో తెరిచిన పోర్ట్ ఫార్వర్డింగ్ నియమాలు (రౌటర్‌కు వచ్చినదాన్ని లోపలి పరికరానికి పంపేవి) తీసేశాను
☐ విడి డిస్క్‌లో కాపీ ఉంది, అందులోంచి ఒక ఫైలు తెరిచి చూశాను

యూపీఎన్‌పీ గురించి ఒక మాట. ఇది ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండానే రౌటర్‌లో పోర్ట్ తెరిపించుకోగలదు. మీరు ఎంత జాగ్రత్తగా మూసినా అది వెనక నుంచి తెరుస్తూ ఉంటుంది.

## 3. మీకు పబ్లిక్ ఐపీ ఉందా?

పబ్లిక్ ఐపీ అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల, మీ ఇంటికే చెందిన అడ్రస్. ఈ ఒక్క జవాబు మీద తర్వాతి దారి ఆధారపడుతుంది.

1. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ లేదా ఇంటర్నెట్ ఐపీ అన్న అంకె రాసుకోండి.
2. ఇంటి వైఫైలోనే బ్రౌజర్ తెరిచి, మీ ఐపీ చూపించే ఏదైనా సైట్‌లో కనబడే ఐపీవీ4 అంకె (చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల వరుస) రాసుకోండి. వీపీఎన్ ఏదైనా ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి.
3. రెండూ ఒకటేనా చూడండి.

ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉంది. 4వ దశ చదివి 5వ దశకు వెళ్లండి.

వేరువేరుగా ఉండి, రౌటర్ అంకె 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే సర్వీస్ ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోంది. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. ఇది తెలియక వారాల తరబడి పోర్ట్ ఫార్వర్డింగ్‌తో కుస్తీ పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రొవైడర్‌ను పబ్లిక్ ఐపీ అడగొచ్చు. ఇవ్వకపోతే 6వ దశ మీ కోసమే.

రౌటర్ అంకె 192.168తోనో, 10తోనో, 172.16 నుంచి 172.31 లోపో మొదలైతే, ఇంట్లోనే రెండు రౌటర్లు వరుసగా ఉన్నాయేమో చూడండి. ప్రొవైడర్ ఇచ్చిన మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తూ ఉండొచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మాని కనెక్షన్‌ను మాత్రమే అందించేలా) పెట్టి మళ్లీ పరీక్షించండి. ఇంట్లో రెండో రౌటర్ లేకుండానే ఈ అంకె కనబడితే అదీ ప్రొవైడర్ వైపు పంపకమే.

## 4. ఈ పోర్టులు మాత్రం తెరవొద్దు

445, అంటే ఫైల్ షేరింగ్ పోర్ట్. సైనాలజీ అనే కంపెనీ నాస్‌ల లాగిన్ పేజీ 5000, 5001. మరో నాస్ కంపెనీ క్యూనాప్ లాగిన్ పేజీ 8080. అలాగే 21 (ఎఫ్‌టీపీ ఫైల్ బదిలీ), 22 (ఎస్‌ఎస్‌హెచ్ రిమోట్ లాగిన్). వీటిని రౌటర్ నుంచి నాస్‌కు పంపొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) ఇంటర్నెట్‌కు కనబడుతున్న క్యూనాప్ నాస్‌లను వెతికి పట్టుకుని ఫైళ్లకు తాళం వేసింది. లాగిన్ పేజీ బయటికి కనబడుతుంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లో బయటపడే ప్రతి లోపమూ మీ ఇంటి లోపమే అవుతుంది.

‘5001 బదులు 48213 పెట్టాను, ఎవరికి తెలుస్తుంది?’ అని అడుగుతుంటారు. మొత్తం పోర్టులు 65,535. వాటిని గాలించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. అంకె మార్చినంత మాత్రాన దాగదు.

## 5. పబ్లిక్ ఐపీ ఉంటే: వైర్‌గార్డ్

వైర్‌గార్డ్ ఒక వీపీఎన్ పద్ధతి. దాన్ని నేను మొదట సూచించడానికి ఒక కారణం ఉంది. సరైన తాళంచెవి లేనివాడు తలుపు తడితే అది జవాబే ఇవ్వదు. గాలించే ప్రోగ్రాముకు అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా తెలియదు.

ఎక్కడ నడపాలి? మీ రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ ఉంటే అక్కడ పెట్టండి. నాస్ ఆగిపోయినా ఇంటి నెట్‌వర్క్‌లోకి రాగలుగుతారు. రౌటర్‌లో లేకపోతే నాస్‌లో. క్యూనాప్ వాళ్ల క్యూవీపీఎన్‌లో వైర్‌గార్డ్ ఉంది. సైనాలజీ వీపీఎన్ సర్వర్ ప్యాకేజీలో ఓపెన్‌వీపీఎన్ అనే మరో పద్ధతి వాడుకోవచ్చు. దశలు ఇంచుమించు ఇవే, పోర్ట్ మాత్రం యూడీపీ 1194 (యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు), క్యూఆర్ కోడ్ బదులు కాన్ఫిగరేషన్ ఫైలు వస్తుంది. అదే ప్యాకేజీలో పీపీటీపీ అనే పాత పద్ధతి కూడా కనబడుతుంది. దాని భద్రత ఎప్పుడో విరిగిపోయింది, ఆన్ చేయొద్దు.

అ. ఇంటికి ఒక పేరు పెట్టండి. పబ్లిక్ ఐపీ అప్పుడప్పుడు మారుతుంది. రౌటర్‌లో డీడీఎన్‌ఎస్ విభాగానికి వెళ్లి ఒక పేరు నమోదు చేయండి. ఐపీ మారినా పేరు మారదు. రౌటర్‌లో లేకపోతే నాస్‌లోనూ ఈ సౌకర్యం ఉంటుంది.

ఆ. సర్వర్ ఆన్ చేయండి. పోర్ట్ 51820, టన్నెల్ అడ్రస్ (వీపీఎన్ లోపల వాడే అంకెలు) 10.73.0.1/24. ఇది ఇంటి అంకెలకు భిన్నంగా ఉండాలి.

ఇ. ఒక్కో పరికరానికి ఒక్కో తాళంచెవి చేయండి. ఫోన్‌కు 10.73.0.2, ల్యాప్‌టాప్‌కు 10.73.0.3 అలా. ఒకే కాన్ఫిగరేషన్‌ను రెండింటిలో పెడితే, ఒకటి కనెక్ట్ అయినప్పుడల్లా రెండోది తెగిపోతుంది. రేపు ఫోన్ పోయినప్పుడు ఫోన్ తాళంచెవి ఒక్కటే రద్దు చేయడానికీ వీలుండదు.

ఈ. పోర్ట్ పంపండి. సర్వర్ నాస్‌లో ఉంటేనే ఈ పని. రౌటర్‌లో 51820ని 192.168.73.10కి ఫార్వర్డ్ చేయండి. రకం యూడీపీ. ఇక్కడ టీసీపీ ఎంచుకుని ‘ఎంతకీ రావడం లేదు’ అనేవాళ్లు లెక్కలేనంత మంది.

ఉ. పరికరంలో సెట్టింగ్ చూడండి. ఎండ్‌పాయింట్ దగ్గర మీ డీడీఎన్‌ఎస్ పేరు, తర్వాత 51820 ఉండాలి. అలౌడ్ ఐపీస్ దగ్గర 192.168.73.0/24, 10.73.0.0/24 రాస్తే ఇంటికి సంబంధించిన ట్రాఫిక్ మాత్రమే వీపీఎన్‌లో వెళ్తుంది. 0.0.0.0/0 అంటే మొత్తం ఇంటర్నెట్ ఇంటి మీదుగానే వెళ్తుంది. మొదటిది రోజువారీకి, రెండోది నమ్మకం లేని వైఫైలో ఉన్నప్పుడు బాగుంటుంది.

ఊ. ఫోన్‌లోకి ఎక్కించండి. తెర మీది క్యూఆర్ కోడ్‌ను వైర్‌గార్డ్ యాప్‌తో స్కాన్ చేస్తే చాలు. ఆ కోడ్‌లో మీ రహస్య తాళంచెవి ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపొద్దు, గ్యాలరీలో ఉంచొద్దు.

ఋ. నాస్ ఫైర్‌వాల్‌లో చోటివ్వండి. ఫైర్‌వాల్ (వచ్చే కనెక్షన్లను వడకట్టేది) ఆన్‌లో ఉంటే 10.73.0.0/24 నుంచి వచ్చేవాటిని అనుమతించే నియమం చేర్చండి.

## 6. పబ్లిక్ ఐపీ లేకపోతే: టెయిల్‌స్కేల్

టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సేవ కూడా వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది. తేడా ఏమిటంటే, ఇంట్లోని నాస్, బయటి ఫోన్ రెండూ లోపలి నుంచి బయటికి వచ్చి కలుసుకుంటాయి. కాబట్టి ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. సీజీనాట్ అడ్డు రాదు.

1. మొదట ఏ ఖాతాతో సైన్ ఇన్ అవుతారో దానికి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఇక మీదట మీ ఇంటి తాళం ఆ ఖాతాయే.
2. నాస్ ప్యాకేజీ సెంటర్ నుంచి టెయిల్‌స్కేల్ ఇన్‌స్టాల్ చేసి సైన్ ఇన్ అవ్వండి. సైనాలజీ, క్యూనాప్ రెండింటికీ ఉంది.
3. ఫోన్, ల్యాప్‌టాప్‌లలో అదే ఖాతాతో సైన్ ఇన్ అవ్వండి.
4. అడ్మిన్ పేజీలో నాస్ పక్కనున్న మెనూ తెరిచి ‘కీ ఎక్స్‌పైరీ’ ఆపేయండి.

నాలుగోది మర్చిపోవద్దు. మామూలుగా 180 రోజులకు నాస్ మళ్లీ సైన్ ఇన్ అడుగుతుంది. ఆ రోజు మీరు ఊళ్లో లేకపోతే చేయగలిగిందేమీ లేదు.

నాస్‌కు 100తో మొదలయ్యే కొత్త అడ్రస్ వస్తుంది. 3వ దశలో చెప్పిన సీజీనాట్ అంకెలూ ఇదే వరుసలో ఉంటాయి కాబట్టి కంగారుపడొద్దు. ఇది మీ సొంత నెట్‌వర్క్ అడ్రస్. బయటి నుంచి నాస్‌ను దీనితోనే తెరవండి.

వేగం మరీ తక్కువగా ఉంటే, కనెక్షన్ నేరుగా ఉందా, రిలే మీదుగా వెళ్తోందా చూడండి. రెండు వైపులా కఠినమైన నెట్‌వర్క్‌లు ఉంటే మధ్యలో రిలే సర్వర్ ద్వారా వెళ్తుంది, నెమ్మదిస్తుంది. అక్కడున్న వైఫై మార్చి చూస్తే చాలాసార్లు సరిపోతుంది.

## 7. పరీక్ష: వైఫై ఆపేసి చేయండి

ఇంటి వైఫైలో ఉండి చేసే పరీక్ష దేన్నీ రుజువు చేయదు. వీపీఎన్ పనిచేయకపోయినా నాస్ తెరుచుకుంటుంది. లేదా కొన్ని రౌటర్లు లోపలి నుంచి బయటి పేరును తిప్పి పంపలేవు కాబట్టి, అన్నీ బాగున్నా తెరుచుకోదు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఈ వరుసలో చూడండి:

☐ వీపీఎన్ ఆఫ్: డీడీఎన్‌ఎస్ పేరుతో గానీ, పబ్లిక్ ఐపీతో గానీ నాస్ తెరుచుకోకూడదు
☐ వీపీఎన్ ఆన్: నాస్ లాగిన్ పేజీ రావాలి
☐ ఒక ఫొటో తెచ్చుకోవాలి, ఒక ఫొటో పంపాలి
☐ రౌటర్ ఆపి ఆన్ చేశాక కూడా ఇవన్నీ జరగాలి
☐ ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి మళ్లీ ఇదంతా

మొదటి గడి చాలా ముఖ్యం. వీపీఎన్ లేకుండానే నాస్ తెరుచుకుంటే, 2వ దశలో ఎక్కడో ఒక పాత పోర్ట్ మిగిలిపోయిందని అర్థం.

## 8. ఫైళ్లు తెరవడం

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు వెనక్కి వాలిన గీతలు (\\) పెట్టి 192.168.73.10 కొట్టండి. మ్యాక్‌లో ఫైండర్‌లో, ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో ‘కనెక్ట్ టు సర్వర్’ ఉంటుంది. నాస్ పేరుతో వెతకొద్దు, అంకెలే వాడండి. ఇంట్లో పేరుతో పరికరాన్ని వెతికే పద్ధతి సాధారణంగా వీపీఎన్ దాటి రాదు. టెయిల్‌స్కేల్‌లో అయితే దాని 100 అంకె వాడండి.

వందల ఫొటోలున్న ఫోల్డర్‌ను ఇలా తెరిస్తే దూరం వల్ల నత్తనడక నడుస్తుంది. అలాంటప్పుడు బ్రౌజర్‌లో నాస్ ఫైల్ పేజీ గానీ, తయారీదారు ఫొటో యాప్ గానీ హాయిగా ఉంటాయి.

## 9. పనిచేయకపోతే

వైర్‌గార్డ్ యాప్‌లో ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’ (రెండు వైపులూ చివరిసారి ఎప్పుడు కలిశాయో చూపేది) అనే వరుస ఉంటుంది. ముందు దాన్ని చూడండి. తప్పు ఎటువైపుందో అది చెబుతుంది.

హ్యాండ్‌షేక్ లేదు. దారి మూసుకుపోయింది. పోర్ట్ యూడీపీయేనా, డీడీఎన్‌ఎస్ పేరు ఇప్పటి ఐపీనే చూపిస్తోందా, తాళంచెవులు సరిగ్గా కాపీ అయ్యాయా, 3వ దశ పరీక్ష ఇప్పుడూ అదే జవాబిస్తోందా చూడండి. కొన్ని ఆఫీసు, హోటల్ వైఫైలు యూడీపీని ఆపేస్తాయి. మొబైల్ డేటాలో పనిచేస్తే తప్పు మీది కాదు.

హ్యాండ్‌షేక్ ఉంది, నాస్ రావడం లేదు. అలౌడ్ ఐపీస్‌లో ఇంటి అంకెలు లేకపోవచ్చు. నాస్ ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు. నాస్ గేట్‌వే తప్పుండొచ్చు. లేదా మీరున్న చోటి అంకెలు, ఇంటి అంకెలు ఒకటే కావొచ్చు.

లాగిన్ పేజీ సగం వచ్చి ఆగిపోతోంది, చిన్న ఫైళ్లు వస్తున్నాయి, పెద్దవి రావడం లేదు. ఇది ఎమ్‌టీయూ (ఒక్కసారికి పంపే డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. పరికరంలో ఎమ్‌టీయూని 1280 చేసి చూడండి.

కాసేపు వాడకపోతే తెగిపోతోంది. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (ఎన్ని సెకన్లకోసారి కనెక్షన్‌ను పలకరించాలో) దగ్గర 25 పెట్టండి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ పొదుపు నుంచి యాప్‌ను మినహాయించండి.

ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేయగానే మరో యాప్ ఆగిపోతోంది. ఫోన్‌లో ఒకసారికి ఒకే వీపీఎన్ నడుస్తుంది. ప్రకటనలు ఆపే కొన్ని యాప్‌లు కూడా ఆ స్థానాన్నే వాడుకుంటాయి.

## 10. కరెంటు పోతే, ఫోన్ పోతే

ఒకసారి నేను అన్నీ చక్కగా అమర్చి ప్రయాణమయ్యాను. మూడో రోజు ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. రౌటర్ లేచింది, నాస్ లేవలేదు. తిరిగి వెళ్లేదాకా ఒక్క ఫైలు అందలేదు. నాస్ పవర్ సెట్టింగ్స్‌లో ‘కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అవ్వాలి’ అన్న ఒక్క గడి టిక్ చేయకపోవడమే కారణం. ఇప్పుడే వెళ్లి అది చూడండి. తర్వాత నాస్‌ను మెనూలోంచి మామూలుగా షట్‌డౌన్ చేయండి. ఆరిపోయాక ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. కొన్ని నాస్‌లు కరెంటు పోయేముందు ఉన్న స్థితికే తిరిగి వెళ్తాయి కాబట్టి, ఇలా షట్‌డౌన్ చేశాక లేవకపోవడం మామూలే. సెట్టింగ్‌లో ఏం రాసి ఉందో చదివి అర్థం చేసుకోండి. నడుస్తున్న నాస్ ప్లగ్ మాత్రం పీకొద్దు.

యూపీఎస్ ఉంటే నాస్‌తో పాటు రౌటర్‌నూ, మోడెమ్‌నూ దానికే కలపండి. యూపీఎస్ యూఎస్‌బీ తీగను నాస్‌కు పెడితే, బ్యాటరీ అయిపోయేలోపు అది తనను తాను సరిగ్గా ఆపుకుంటుంది.

ఫోన్ పోతే ఈ వరుసలో చేయండి:

1. వైర్‌గార్డ్ సర్వర్‌లో ఆ ఫోన్ పేరున్న పీర్‌ను (పరికరం నమోదును) తొలగించండి. టెయిల్‌స్కేల్ అయితే అడ్మిన్ పేజీలో ఆ పరికరాన్ని తీసేయండి.
2. నాస్‌లో మీ ఖాతాకు ఉన్న పాత లాగిన్ సెషన్లన్నీ ముగించండి.
3. పాస్‌వర్డ్ మార్చండి.
4. కాగితం మీద రాసిపెట్టిన రికవరీ కోడ్‌తో లాగిన్ అయ్యి, కొత్త ఫోన్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ మళ్లీ పెట్టండి.

మొదటి పని ఏ పరికరం నుంచి చేస్తారో ముందే అనుకోండి. ల్యాప్‌టాప్‌లో కూడా విడిగా వీపీఎన్ పెట్టుకోమన్నది అందుకే. ఆ రికవరీ కోడ్‌ల కాగితం నకలు ఒకటి ఇంట్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచి, అది ఏమిటో వాళ్లకు చెప్పి వెళ్లండి.